వద్దన్నాక కూడా వెంటపడితే: స్టాకింగ్ కేసులో శిక్ష ఎంత, బెయిల్ ఎట్లా, మీ ఫోన్‌లో ఏం దాచుకోవాలి

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పెద్దగా ఉంటది. కానీ మధ్యలో స్కిప్ కొట్టకుండా చూడండి, ముఖ్యంగా రోజూ బస్సు ఎక్కి కాలేజీకి పోయే చెల్లెళ్ళు. తమ్ముళ్ళూ, మీరు కూడా ఉండండి. సగం ఎపిసోడ్ మీ గురించే.

నేను అడ్వకేట్‌ని, కామారెడ్డి కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. సొంతూరు రాజంపేట. ఇప్పుడు మాది మండలం, కామారెడ్డి జిల్లా. నేను ఇంటర్ చదివేటప్పుడు మాత్రం ఇంకా నిజామాబాద్ జిల్లానే. కొత్త జిల్లా వచ్చింది 2016 అక్టోబర్ 11న కదా. నేను చెప్పే ముచ్చట అంతకంటే ముందుది, 2014 నాటిది.

మా వాడకట్టులో నాకొక దోస్తు ఉండేది. ఇద్దరం ఒకే బస్సు, ఒకే కాలేజీ. చదువులో నాకంటే చాలా ముందు. ఫస్టియర్‌లో ఒకడు దాని వెంట పడ్డాడు. రోజూ అదే బస్సు, దాని సీటు వెనకాలే నిలబడేవాడు. ఎవరి దగ్గర తీసుకున్నాడో ఏమో, ఫోన్ నంబర్ దొరికింది. ఇక రాత్రి పది దాటితే మిస్డ్ కాల్స్. అది ఒకరోజు బస్సులోనే, నా ముందరే, మొహం మీద చెప్పింది: "నాకు ఇష్టం లేదు, నా వెంట రాకు." మర్నాడు మళ్ళీ వచ్చాడు. కండక్టర్‌కు చెప్తే "ఎందుకమ్మా లొల్లి, ముందటికి వచ్చి కూర్చో" అన్నాడు. కాలేజీలో చెప్తే "మీ ఇంట్ల చెప్పుకోండి" అన్నారు.

ఇంట్లో తెలిసింది. వాళ్ళ బాపు ఒక్కటే మాట అన్నాడు: "రేపటి సంది కాలేజీకి పోవుడు బంద్." ఫోన్ తీసుకున్నారు. ఆరు నెలలకు పెళ్ళి చేశారు. ఆ పిల్లగాడు మాత్రం డిగ్రీ పూర్తి చేసుకున్నాడు.

ఇక్కడ ఒకసారి ఆగి ఆలోచించండి. తప్పు చేసింది ఎవరు, శిక్ష పడింది ఎవరికి? అసలు బాధ ఏందంటే, అప్పటికే మన దేశంలో దీనికి చట్టం ఉంది. ఒకటి కాదు, రెండున్నాయి. మాకు ఒక్కటి కూడా తెలవదు. అందుకే ఈ ఎపిసోడ్.

సరే, విషయంలోకి వద్దాం.

అసలు స్టాకింగ్ అంటే ఏంటి?

మన భాషలో "వెంటపడటం" అంటాం. చాలా రోజులు దీన్ని నేరం అని ఎవరూ అనుకోలేదు. 2012 డిసెంబర్‌లో ఢిల్లీలో నిర్భయ ఘటన జరిగాక జస్టిస్ వర్మ కమిటీ వేశారు. ఆ తర్వాత 2013లో క్రిమినల్ చట్టాన్ని సవరించి, ఐపీసీలో 354డి అని కొత్త సెక్షన్ పెట్టారు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, బీఎన్‌ఎస్ అంటున్నాం. అందులో ఇదే నేరం సెక్షన్ 78. ఆ తేదీ కంటే ముందు జరిగిన వాటికి పాత సెక్షన్, తర్వాత జరిగిన వాటికి కొత్త సెక్షన్. అంతే తేడా.

సెక్షన్ 78లో రెండు భాగాలు ఉన్నాయి. జాగ్రత్తగా వినండి.

మొదటిది: ఒక మగవాడు ఒక అమ్మాయి వెంటపడి, ఆమెకు ఇష్టం లేదని స్పష్టంగా తెలిసిన తర్వాత కూడా, పరిచయం పెంచుకోవడానికి మళ్ళీ మళ్ళీ మాట్లాడినా, మాట్లాడటానికి ప్రయత్నించినా అది నేరం.

రెండోది: ఒక అమ్మాయి ఇంటర్నెట్, ఈమెయిల్, ఫోన్ మెసేజ్‌లు ఎట్లా వాడుతుందో నిఘా పెట్టడం. దీనికి "వద్దు" అని చెప్పి ఉండాలన్న షరతు కూడా లేదు. ఫోన్ రిపేర్ చేసి ఇస్తానని తీసుకుని ఆమె వాట్సాప్‌ని తన ల్యాప్‌టాప్‌లో లింక్ చేసుకున్నాడనుకోండి, లేదా ట్రాకింగ్ యాప్ వేశాడనుకోండి, అది ఇందులోకి వస్తది. "నా లవరే కదా, పాస్‌వర్డ్ నాకు తెలిస్తే ఏమైతది" అనే వాళ్ళు ఈ లైన్ రెండుసార్లు వినండి.

కొన్ని మినహాయింపులు ఉన్నాయి. నేరం ఆపడానికి ప్రభుత్వం బాధ్యత అప్పగించిన అధికారి చేస్తే, ఏదైనా చట్టం ప్రకారం చేస్తే, ఆ పరిస్థితిలో అట్లా చేయడం న్యాయమే అని తేలితే నేరం కాదు. ప్రేమ అనేది ఆ లిస్టులో లేదు.

తమ్ముళ్ళు అడిగే డౌట్ ఒకటి ఉంటది: "అక్కా, అంటే ఒక్కసారి ప్రపోజ్ చేసినా జైలేనా?" కాదు. మర్యాదగా ఒకసారి అడిగి, కాదంటే పక్కకు జరిగితే అది స్టాకింగ్ కాదు. మొత్తం కేసు రెండు మాటల మీద నిలబడుతుంది. ఒకటి "వద్దు". రెండు "మళ్ళీ". ఆమె వద్దంది, వాడు మళ్ళీ వచ్చాడు. ఈ రెండూ రుజువైతే నేరం రుజువైనట్టే. ఇవి గుర్తుపెట్టుకోండి, చివరిదాకా ఇవే చెప్తా.

"వద్దు" అనేది నోటితోనే చెప్పాలని చట్టంలో ఎక్కడా లేదు. బ్లాక్ చేయడం కూడా వద్దనే. బ్లాక్ చేశాక కొత్త అకౌంట్ తెరిచి "హాయ్, గుర్తుపట్టావా" అని మెసేజ్ పెట్టడమే "మళ్ళీ". ఇంకోటి, నిన్నటిదాకా మాట్లాడిన అమ్మాయి ఇవాళ వద్దంటే అది కూడా వద్దే. "మొదట తనే మాట్లాడింది సార్" అనేది సమాధానం కాదు.

శిక్ష ఎంత?

మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ళ వరకు జైలు, జరిమానా. రెండోసారి రుజువైతే ఐదేళ్ళ వరకు జైలు, జరిమానా.

పోలీసులు కోర్టు పర్మిషన్ లేకుండానే ఎఫ్‌ఐఆర్ కట్టి దర్యాప్తు చేయొచ్చు. అయితే మొదటిసారి నేరం బెయిలబుల్. అంటే బెయిల్ అతని హక్కు, స్టేషన్‌లోనే ఇచ్చేస్తారు. చాలాసార్లు అరెస్టు కూడా చేయరు, నోటీసు ఇచ్చి పిలిపిస్తారు. రెండోసారి మాత్రం నాన్ బెయిలబుల్.

నా దగ్గరికి వచ్చే అమ్మాయిలు ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే. "అక్కా, పొద్దున కంప్లైంట్ ఇచ్చినం, సాయంత్రం వాడు చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నడు. ఇగ కేసు పోయినట్టేనా?" పోలేదు చెల్లె. బెయిల్ అంటే కేసు కొట్టేసినట్టు కాదు. ఛార్జిషీట్ పడుతుంది, విచారణ జరుగుతుంది.

ఇంకో పొరపాటు కూడా ఉంది. "రెండోసారి" అంటే రెండో కంప్లైంట్ కాదు. ఒకసారి శిక్ష పడ్డాక మళ్ళీ చేస్తే అది రెండోసారి. మొదటి కేసు కోర్టులో నడుస్తుండగా మళ్ళీ వెంటపడితే, అది కూడా చట్టం లెక్కలో మొదటిదే. నిజం చెప్పాలంటే ఇది చట్టంలో ఉన్న లోపం అని నా అభిప్రాయం. 2013లో ఈ బిల్లు పార్లమెంటులో చర్చకు వచ్చినప్పుడు, అమ్మాయిల వెంట తిరగనివాళ్ళు మనలో ఎవరున్నారు అన్నట్టు మాట్లాడిన నాయకులు కూడా ఉన్నారు. అట్లాంటి వాతావరణంలో వచ్చిన చట్టం ఇది.

మరి ఈ సందులో ఏం చేయాలి? రెండు దారులు ఉన్నాయి.

ఒకటి, బైండోవర్. మన దగ్గర ఊర్లలో ఈ మాట అందరికీ తెలుసు. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 126 కింద, వీడి వల్ల గొడవ జరిగే ప్రమాదం ఉందని పోలీసులు రిపోర్ట్ ఇస్తే, తహసీల్దార్ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో అతన్ని పిలిపించి విచారిస్తారు. ఏడాది వరకు సక్రమంగా ఉంటానని బాండ్ రాయించుకోవచ్చు. ఆ బాండ్ తప్పితే మిగిలిన రోజులకు జైలుకు పంపే అధికారం కూడా ఉంది. కంప్లైంట్ ఇచ్చేటప్పుడే "బైండోవర్ కూడా చేయండి సార్" అని అడగండి.

రెండోది, జరిగింది జరిగినట్టు మొత్తం చెప్పడం. ఎందుకంటే వెంటపడేవాడు వెంటపడటంతోనే ఆగడు. పక్కన వేరే సెక్షన్లు కూడా పడతాయి.

78 పక్కన ఇంకేం పడతాయి?

చెయ్యి పట్టుకున్నాడు, చున్నీ లాగాడు. మహిళ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో బలప్రయోగం చేస్తే సెక్షన్ 74. కనీసం ఏడాది, ఐదేళ్ళ దాకా. ఇది నాన్ బెయిలబుల్.

బూతు మాటలు, సైగలు అయితే సెక్షన్ 79. మూడేళ్ళ వరకు.

స్నానం చేసేటప్పుడో, బట్టలు మార్చుకునేటప్పుడో దొంగచాటుగా చూసినా, వీడియో తీసినా, దాన్ని పంపినా సెక్షన్ 77. మొదటిసారే కనీసం ఏడాది, మూడేళ్ళ వరకు. రెండోసారి మూడు నుంచి ఏడేళ్ళు.

"చంపేస్తా" అని బెదిరిస్తే సెక్షన్ 351. చంపుతానని, తీవ్రంగా గాయపరుస్తానని బెదిరిస్తే ఏడేళ్ళ వరకు పోతుంది.

అమ్మాయి పేరు, ఫోటోతో ఫేక్ అకౌంట్ తెరిస్తే ఐటీ చట్టం 66సి, 66డి. మూడేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా. లైంగిక చర్య ఉన్న ఫోటోలు, వీడియోలు నెట్‌లో పెడితే 67ఎ. మొదటిసారే ఐదేళ్ళ వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా.

ఇవన్నీ కాగితం మీదే అనుకోకండి. పశ్చిమ బెంగాల్‌లో ఒక బీటెక్ కుర్రాడు మాజీ ప్రియురాలి ప్రైవేట్ ఫోటోలు, వీడియోలు నెట్‌లో పెట్టాడు. 2018 మార్చిలో అక్కడి తమ్లుక్ కోర్టు ఐదేళ్ళ జైలు వేసింది. ఆ తీర్పులో ఐటీ చట్టంతో పాటు స్టాకింగ్ సెక్షన్ కూడా ఉంది.

యాసిడ్ సంగతి. యాసిడ్ పోసి గాయపరిస్తే సెక్షన్ 124, కనీసం పదేళ్ళు, జీవిత ఖైదు దాకా. పోయడానికి ప్రయత్నించినా ఐదు నుంచి ఏడేళ్ళు.

వరంగల్ పేరు చెప్పకుండా యాసిడ్ గురించి తెలంగాణలో ఎవరూ మాట్లాడలేరు. 2008 డిసెంబర్ 10న ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిలు కాలేజీ నుంచి బండి మీద ఇంటికి వస్తుంటే ముగ్గురు యువకులు యాసిడ్ పోశారు. అందులో ఒకడు చాన్నాళ్ళుగా ఒక అమ్మాయి వెంటపడుతున్నవాడు. ఆమె ఆ నెలలోనే ఆస్పత్రిలో చనిపోయింది. మూడు రోజులకే ఆ ముగ్గురూ పోలీస్ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. అప్పుడు చాలామంది సంబరాలు చేసుకున్నారు. నేను మాత్రం వేరే ప్రశ్న అడుగుతా. వాడు వెంటపడుతున్న రోజుల్లో ఆ అమ్మాయి చేతిలో ఏ సెక్షన్ ఉంది? వెంటపడటానికి ప్రత్యేకంగా సెక్షన్ లేదు. యాసిడ్‌కు ప్రత్యేకంగా సెక్షన్ లేదు. రెండూ ఐదేళ్ళ తర్వాత, 2013లో వచ్చాయి.

ఇంకోటి, గుంటూరు. 2021 ఆగస్టు 15, పట్టపగలు. సోషల్ మీడియాలో పరిచయమైనవాడు, తనతో మాట్లాడటం మానేసిందన్న కోపంతో బీటెక్ అమ్మాయిని నడిరోడ్డు మీద కత్తితో పొడిచి చంపాడు. సీసీటీవీలో మొత్తం రికార్డయింది. 2022 ఏప్రిల్ 29న, అంటే తొమ్మిది నెలలు కూడా నిండకముందే, గుంటూరు ప్రత్యేక కోర్టు మరణశిక్ష వేసింది. తీర్పు తొందరగానే వచ్చింది. కానీ ఆ అమ్మాయి తిరిగి రాదు కదా.

అందుకే చెప్తున్నా. వెంటపడటం చిన్న విషయం కాదు. అన్నీ హత్య దాకా పోవు, నిజమే. కానీ హత్య దాకా పోయినవాటిలో ముందు మెట్టు చాలాసార్లు ఇదే. ఆ ముందు మెట్టు మీద ఆపడానికే సెక్షన్ 78.

పద్దెనిమిది నిండకపోతే?

అమ్మాయి వయసు పద్దెనిమిది లోపు అయితే పోక్సో చట్టం వస్తుంది. 2012 చట్టం అది. లైంగిక ఉద్దేశంతో ఒక పిల్లను మళ్ళీ మళ్ళీ వెంబడించినా, కాపు కాసి చూసినా, నేరుగానో ఫోన్‌లోనో సంప్రదించినా సెక్షన్ 11. సెక్షన్ 12 కింద మూడేళ్ళ వరకు జైలు, జరిమానా. విషయం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పడం పోక్సోలో బాధ్యత. "మీ ఇంట్ల చెప్పుకోండి" అని చేతులు దులుపుకోవడానికి లేదు.

మా దోస్తుకు అప్పుడు పదహారేళ్ళు. అంటే 2014లోనే పోక్సో ఉంది, 354డి ఉంది. ఇందాక రెండు చట్టాలు అన్నది అందుకే.

ఫోన్‌లో ఏం దాచుకోవాలి?

ఇది పూర్తిగా ప్రాక్టికల్. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మొదటి పని: ఒక్కసారి, ఒకే ఒక్కసారి స్పష్టంగా మెసేజ్ పెట్టండి. "నాకు ఇష్టం లేదు. ఇకమీద నాకు ఫోన్ చేయకు, మెసేజ్ పెట్టకు, నా వెంట రాకు." అంతే. సారీ వద్దు, స్మైలీ వద్దు, "ఇప్పుడు చదువుకోవాలి, తర్వాత చూద్దాం" వద్దు. తర్వాత చూద్దాం అంటే కోర్టులో డిఫెన్స్ లాయర్‌కు అదే ఆయుధం. ఎదురుపడి చెప్పడం ప్రమాదం అనిపిస్తే చెప్పకండి, మెసేజ్ చాలు. మెసేజ్ పెట్టడానికి కూడా భయమైతే నేరుగా ఇంట్లోవాళ్ళ ద్వారా, పోలీసుల ద్వారా చెప్పించండి.

రెండో పని: డిలీట్ చేయకండి. అసహ్యంతో చాట్ మొత్తం డిలీట్ చేస్తారు చాలామంది. బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్ తీయండి. నంబర్, ప్రొఫైల్ లింకు, తేదీ, టైమ్ కనబడాలి. కాల్ హిస్టరీ కూడా తీయండి. ఆ ఫోన్ అమ్మేయకండి, రీసెట్ కొట్టకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోర్టులో ప్రత్యేక సర్టిఫికెట్ జత చేయాలి, ఒరిజినల్ ఫోన్ ఉంటే పని తేలిక.

మూడో పని: డైరీ. ఫోన్ నోట్స్‌లో అయినా సరే. "సోమవారం, పొద్దున ఎనిమిదింపావు, బస్టాండ్, పక్కన ఫలానా ఫ్రెండ్ ఉంది." రెండు లైన్లు చాలు. మొదటి పనిలో "వద్దు" రుజువైంది, ఈ డైరీలో "మళ్ళీ" రుజువైతది.

నాలుగో పని: ఒక్కరికైనా చెప్పండి. అమ్మకో, అక్కకో, లెక్చరర్‌కో. వాళ్ళే రేపు సాక్షి.

ప్రైవేట్ ఫోటోలతో బెదిరిస్తే డబ్బులు ఇవ్వకండి, అడిగినవి పంపకండి. 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పేరు చెప్పకుండా పెట్టే సౌకర్యం కూడా అందులో ఉంది.

స్టేషన్‌కు పోతే ఏమవుతుంది?

భయం ఇక్కడే కదా. ఒక్కొక్కటి చెప్తా.

ఏ స్టేషన్ అన్న డౌట్ వద్దు. బస్సు రాజంపేటలో ఎక్కితే వాడు కామారెడ్డిలో దిగేదాకా వెంట వచ్చాడు. ఏ స్టేషన్ పరిధి? ఏ స్టేషన్‌లో అయినా ఇవ్వొచ్చు. జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి సరైన స్టేషన్‌కు పంపాలి. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173లో రాసి ఉంది. ఆన్‌లైన్‌లో కూడా సమాచారం ఇవ్వొచ్చు, కాకపోతే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి.

స్టాకింగ్ కేసులో బాధితురాలు చెప్పేది మహిళా పోలీసు లేదా మహిళా అధికారి రాసుకోవాలి. అడగండి, అది మీ హక్కు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. కొన్నిసార్లు డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజులు ప్రాథమిక విచారణ చేస్తామంటారు. చట్టంలో అది ఉంది, కంగారు పడకండి. కానీ పద్నాలుగు రోజులు దాటితే వెళ్ళి అడగండి. అసలు తీసుకోమంటే, అదే కంప్లైంట్ ఎస్పీకి పోస్ట్‌లో పంపండి. అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు.

స్టేషన్‌కు పోవడం ఇష్టం లేకపోతే షీ టీమ్స్. 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మొదలైంది, తర్వాత జిల్లాలన్నిటికీ వచ్చింది. సివిల్ డ్రెస్‌లో బస్టాండ్ల దగ్గర, కాలేజీల దగ్గర ఉంటారు. వాళ్ళు పట్టుకున్నవాళ్ళకు తల్లిదండ్రుల ముందే కౌన్సెలింగ్ కూడా ఇస్తారు. ప్రమాదం అనిపించిన నిమిషంలో 112. మహిళా హెల్ప్‌లైన్ 181. పిల్లలకు 1098. జిల్లా కేంద్రంలో సఖి కేంద్రం ఉంటుంది.

లాయర్‌కు డబ్బుల్లేవా? ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం చెప్తుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీస్ ఉంటుంది, పోయి కూర్చోండి.

టైమ్ లిమిట్ కూడా ఉంది. మూడేళ్ళ శిక్ష ఉన్న నేరాలకు మూడేళ్ళలోపు కోర్టు కేసును స్వీకరించాలి. కాబట్టి "చూద్దాం, చూద్దాం" అని ఏళ్ళు గడపకండి.

ఇక బస్సు సంగతి. 2012 నవంబర్ 30న, నిర్భయ ఘటనకు రెండు వారాల ముందే, తమిళనాడుకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆదేశాలు ఇచ్చింది. బస్సులో వేధింపు జరిగి అమ్మాయి కంప్లైంట్ చేస్తే, డ్రైవర్, కండక్టర్ బస్సును దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోవాలి. అట్లా చేయకపోతే పర్మిట్ రద్దు చేయాలని కూడా చెప్పింది. మహాలక్ష్మి పథకం వచ్చాక, 2023 డిసెంబర్ నుంచి, మన బస్సుల్లో ఆడపిల్లలే ఎక్కువ. ఈసారి ఎవరైనా "ముందటికి వచ్చి కూర్చో" అంటే, "అన్నా, బస్సు స్టేషన్‌కు తిప్పు" అనండి. తోటివాళ్ళు నలుగురు గొంతు కలపండి.

తమ్ముళ్ళకు

ఇప్పుడు మీతో. కోపం తెచ్చుకోకండి, అక్క చెప్తుంది అనుకోండి.

సినిమాలో హీరో ఇంటర్వెల్ దాకా వెంటపడతాడు, ఇంటర్వెల్ తర్వాత ఆమె ఒప్పుకుంటుంది. రాసినోడు అట్లా రాశాడు కాబట్టి ఒప్పుకుంది. బయట ఆమె కథ ఎవడూ రాసి పెట్టలేదు, ఆమే రాసుకుంటది. 2017లో హిమాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో, వేధింపులు తట్టుకోలేక ఒక అమ్మాయి ఒంటికి నిప్పంటించుకుని చనిపోతే, వేధించినవాడికి ఏడేళ్ళ శిక్షను సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ప్రేమించమని ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేరని, కాదనే హక్కు ఆమెకు ఉందని ఆ తీర్పులో గట్టిగా చెప్పింది.

కేసు పడితే ఏమైతది? ప్రభుత్వ ఉద్యోగానికి వెరిఫికేషన్ ఉంటది, పాస్‌పోర్ట్‌కు పోలీస్ వెరిఫికేషన్ ఉంటది. అమెరికా పోయినా అంతే. కాలిఫోర్నియాలో 1990లోనే స్టాకింగ్ చట్టం వచ్చింది. అక్కడి ఫెడరల్ చట్టంలో మామూలుగా ఐదేళ్ళ వరకు, బాధితురాలు చనిపోతే జీవిత ఖైదు దాకా ఉంది. స్టాకింగ్‌లో శిక్ష పడిన విదేశీయుడిని దేశం నుంచి పంపించేయొచ్చని వాళ్ళ ఇమిగ్రేషన్ చట్టంలోనే ఉంది. బ్రిటన్‌లో హింస జరుగుతుందన్న భయం కలిగేలా వెంటపడితే పదేళ్ళ వరకు. ఎమ్మెస్‌కు పోదామనుకునే తమ్ముళ్ళు ఇది రాసిపెట్టుకోండి.

దోస్తులకు కూడా ఒక మాట. వాడికి ఆమె నంబర్ ఇచ్చింది మీరే అయి ఉండొచ్చు. బండి నడిపింది మీరే అయి ఉండొచ్చు. వరంగల్‌లో ఆ రోజు ముగ్గురు ఉన్నారు, గుర్తుంది కదా. "అరేయ్, వద్దన్నది కదా, వదిలేయ్" అని ఒక్క దోస్తు గట్టిగా చెప్తే చాలాసార్లు కథ అక్కడే అయిపోతది.

సెక్షన్ 78లో నిందితుడు మగవాడు, బాధితురాలు మహిళ అని మాత్రమే ఉంది. అట్లని మిమ్మల్ని ఎవరైనా వేధిస్తే దిక్కు లేదనుకోకండి. బెదిరింపు, ఫేక్ అకౌంట్, ఫోటోల సెక్షన్లు మగవాళ్ళకు కూడా వర్తిస్తాయి.

అమ్మలకు, నాన్నలకు

చివరగా పెద్దవాళ్ళకు. ఈ వీడియో ఇంట్లో పెద్దగా సౌండ్ పెట్టి చూడండి.

పంచాయితీ పెట్టి, వాడితో కాళ్ళు మొక్కించి, కాగితం రాయించుకుంటే కేసు మాఫీ కాదు. స్టాకింగ్ నేరం రాజీ చేసుకునే నేరాల జాబితాలో లేదు. ఊరి పెద్దలు రాజీ కుదిర్చినా చట్టం దృష్టిలో అది రాజీ కాదు.

ఇంకోటి. పిల్ల వచ్చి "బాపూ, ఒకడు వెంటపడుతున్నడు" అని చెప్పిందంటే, అది మీ మీద నమ్మకంతో చెప్పింది. మీరు వెంటనే ఫోన్ గుంజుకుని, కాలేజీ మాన్పిస్తే, రేపు రెండో పిల్ల చెప్పదు. పక్కింటి పిల్ల కూడా చెప్పదు. వాడికి కావాల్సింది కూడా అదే. మీరు పిల్లతో కలిసి స్టేషన్‌కు పోండి. ఆ వారం రోజులు బస్టాండ్ దాకా తోడు పోండి. చదువు మాత్రం ఆపకండి.

మొన్న దసరాకు ఊరికి పోతే మా దోస్తు కలిసింది. దాని బిడ్డ ఇప్పుడు ఐదో తరగతి. ఈ ఎపిసోడ్ చేస్తున్నా అని చెప్పి, నీ ముచ్చట చెప్పాలా వద్దా అని అడిగా. "పేరు చెప్పకు, ముచ్చట చెప్పు" అంది. కొంచెంసేపు ఊకుండి, "అప్పుడు ఎవరన్నా వచ్చి మా బాపుకు చెప్పుంటే ఎట్లుండేదో" అంది. నా దగ్గర జవాబు లేదు.

అందుకే మీకు చెప్తున్నా. మీ వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడో ఒక బాపు ఉంటాడు, ఎక్కడో ఒక కండక్టర్ అన్న ఉంటాడు. వాళ్ళ దాకా ఈ వీడియో పోవాలి. షేర్ చేయండి. మీకు ఇట్లాంటి సమస్య ఉంటే కామెంట్‌లో వివరాలు, నంబర్లు పెట్టకండి, అందరూ చూస్తారు. 181కో, 15100కో ఫోన్ చేయండి. ఒక్కో కేసు ఒక్కో తీరుగా ఉంటది కాబట్టి, మీ కేసుకు మీ దగ్గర్లో లాయర్‌తో ఒకసారి మాట్లాడండి.

రేపు పొద్దున బస్సు ఎక్కండి చెల్లె. మీ సీట్లో మీరే కూర్చోండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.